కుక్క కాలి ప్యాడ్స్ పగిలినయా? ఏదైనా రాసే ముందు ఒకసారి తిప్పి చూడండి

ఎండలు ముదిరినయంటే చాలు, కుక్కలు పెంచుకునే ఫ్రెండ్స్ దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న, ప్యాడ్స్, అంటే కాలి కింది మెత్తలు, పగిలినయి ఏం రాయాలె అని. కొబ్బరి నూనెనా, వాసెలినా, ఆన్‌లైన్‌లో చిన్న డబ్బాల్లో అమ్మే బామ్ కొనాల్నా. నేను చెప్పేది కూడా ఎప్పుడూ ఒకటే, రాసేది తర్వాత సంగతి, ముందు కాలు తిప్పి మంచి వెలుతుర్లో చూసి అసలు ఎందుకు పగిలిందో తెల్సుకోండి. ఎందుకంటే ఎండకు కాలిన ప్యాడ్, ఫినాయిల్‌కు ఎండిపోయిన ప్యాడ్, లోపల గాజు ముక్క ఇరుక్కున్న ప్యాడ్, ఒంట్లో ఏదో రోగం ఉండి గట్టిపడ్డ ప్యాడ్, ఇవన్నీ పైపైన చూస్తే ఒకతీరే కనపడ్తయి, కానీ ఒకదానికి పనిచేసింది ఇంకోదానికి పనిచెయ్యదు, కొన్నిసార్లు ఉన్న నొప్పి ఇంకా ఎక్కువ చేస్తది.

మా కుక్క బ్రౌనీ ఇండీ, అంటే మన దేశవాళీ కుక్క. మేం మల్కాజ్‌గిరి సైడ్ ఉంటం, గల్లీలో సగం సీసీ రోడ్డు, సగం తారు, మలుపు దాటితే ఒక ఖాళీ ప్లాటు, అందులో రాత్రిపూట ఎవరెవరో కూర్చుని తాగి సీసాలు అక్కడే పగలగొట్టి పోతరు. అంటే దాని కాళ్లకు కావాల్సిన కష్టాలన్నీ వంద అడుగుల్లోనే ఉన్నయి. అందుకే ఈ విషయం నాకు ఇంత పట్టింపు.

ముందు ఆ ప్యాడ్ ఏందో చెప్తా. కుక్క కాలి కింద నాలుగు వేళ్లకు నాలుగు చిన్న మెత్తలు, మధ్యల ఒక పెద్దది. ముందు కాళ్లకైతే కొంచెం పైన, మణికట్టు వెనుక ఇంకోటి ఉంటది, మామూలుగ నడిచేటప్పుడు అది నేలకు తగలదు, ఉరికేటప్పుడు, దూకేటప్పుడు తగుల్తది. పైచర్మం బాగా మందం, గరుకు, దాని కింద కొవ్వు పొర, అదే దెబ్బ తగలకుండ కాపాడేది. చెమట కూడా అక్కడ పడ్తది. ఒంటిని చల్లబర్చుకునేది కుక్కలు ఎక్కువ నాలుక బయటపెట్టి రొప్పుడుతోనే గానీ, పాదాలకైతే చెమట వస్తది, వెట్ (పశువుల డాక్టర్) దగ్గర స్టీల్ టేబుల్ మీద నిలబెట్టినప్పుడు భయానికి తడి అడుగులు పడ్తయి చూడండి, అదే. ఇంకో మాట, ఇండీ కుక్కల ప్యాడ్స్ గరుకుగనే ఉండాలె, ఉంటయి, అది రోగం కాదు. పట్టుకుంటే నొప్పి లేదు, నాకుడు లేదు, చీలిక లోపలికి పోలేదు అంటే దాన్ని మన చేతుల్లెక్క మెత్తగ చెయ్యాలని చూడొద్దు. మరీ మెత్తబడ్డ ప్యాడ్ రోడ్డు మీద తొందరగా తెగుతది.

ఇగ ఎండ సంగతి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మేలో 40 దాటుడు మామూలే, కానీ మనం చూసేది గాలి టెంపరేచర్, కుక్క నడిచేది నేల మీద. గాలి 30, 31 ఉన్న రోజున కూడా నేరుగా ఎండ పడ్డ తారు రోడ్డు 55, 60 డిగ్రీల దాకా పోతది. 52 డిగ్రీల దగ్గరనే ఒక నిమిషంలో చర్మం కాలిపోవచ్చు అంటరు, అంటే మే నెలల పదకొండు గంటలకు కాలకృత్యాలకని ఐదు నిమిషాలు బయటికి తీస్కపోయినా చాలు. సిమెంట్ రోడ్డు తారు కంటే కొంచెం నయం, మట్టి, గడ్డి ఇంకా నయం. డాబా మీద షాబాద్ బండలు కూడా తక్కువేం కాదు, మధ్యాహ్నం బట్టలు ఆరేయనీకి మనం చెప్పులేస్కుని పోతం, వెనకాలే తోకూపుకుంట అది వస్తది. అందరికీ తెలిసిన పరీక్షే, అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి పెట్టండి, పెట్టలేకపోతే కుక్క కూడా నడవలేదు. చానామంది ఈ పరీక్ష పొద్దున చేస్తరు, సాయంత్రం చెయ్యరు, సూర్యుడు దిగిండు కదా అని ఆరు గంటలకే తీస్కపోతరు. తారు పొద్దంతా తాగిన వేడి పొద్దుగూకినంక కూడా చానాసేపు వదుల్తనే ఉంటది. మేం ఎండాకాలం పొద్దున ఆరున్నర లోపల, రాత్రి తొమ్మిది తర్వాత అంతే, మధ్యల అవసరమొస్తే గేటు పక్కన వేపచెట్టు కింద మట్టి దాకా.

కాలిన ప్యాడ్ వెంటనే కనపడదు, అదే దీనితోని చిక్కు. రాత్రి దాకా బాగనే ఉంటది, తెల్లారి లేచి చూస్తే నడవనంటది, ఒకటే నాకుడు, ప్యాడ్ ఎర్రగనో మరీ నల్లగనో కమిలి ఉంటది, బొబ్బలు, ఒక్కోసారి పైపొర లేచి వేలాడుతుంటది. కాలిందని అప్పుడే తెలిస్తే వెంటనే నీడకు తెచ్చి మామూలు చల్లటి నీళ్లు పది పదిహేను నిమిషాలు మెల్లగ పొయ్యాలె. ఐస్ పెట్టొద్దు, టూత్‌పేస్ట్ పుయ్యొద్దు, పసుపు అద్దొద్దు, నూనె కూడా రాయొద్దు, లోపలి వేడి లోపలనే ఉండిపోతది. లేచిన పొరను పీకొద్దు, బొబ్బ పగలగొట్టొద్దు. బొబ్బలొచ్చినా, పొర లేచినా అది ఇంట్లో తీరే ముచ్చట కాదు, డాక్టర్ దగ్గరికే.

పగుళ్ల సంగతికొస్తే ఎండాకాలం కంటే మన దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కువ చూస్త నేను, చలిగాలికి మన పెదాలు ఎట్ల ఎండుతయో అవి కూడా అంతే. దానికి తోడు ఇంట్లో తుడిచే నీళ్లు. ఫినాయిల్, ఫ్లోర్ క్లీనర్ కొంచెం ఘాటుగ కలిపి బండలు తుడుస్తరు, తడి ఆరకముందే కుక్క దాని మీద తిరుగుతది, తర్వాత కాళ్లు నాకుతది. చర్మం ఎండుతది, కడుపులోకి కూడా పోతది. తుడిచేటప్పుడు వేరే రూమ్‌లో ఉంచి, ఆరినంక మళ్ల మామూలు నీళ్లతోని ఒకసారి తుడిస్తే సగం పగుళ్లు వాటంతట అవే తగ్గుతయి, ఏ బామ్ అక్కర లేకుండనే. ఇంటి ముందు స్లాబ్ పని నడుస్తుంటే ఇంకా జాగ్రత్త, పచ్చి సిమెంట్ చర్మాన్ని తినేస్తది, కాళ్లకు అంటితే అప్పుడే బాగా నీళ్లు పోసి కడగాలె.

మామూలు ఎండుదనం, చిన్న చిన్న గీతలు, రక్తం లేదు, నొప్పి లేదు, అట్లాంటి దానికి రాయొచ్చు. కొబ్బరి నూనె వేలికి అంటేంత, లేకపోతే మైనం ఉన్న బామ్, వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, వేళ్ల సందులు మంచిగ ఆరనిచ్చి, ప్యాడ్ మీద మాత్రమే పలచగ రుద్దాలె, సందుల్లో పుయ్యొద్దు, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ వస్తది. రాసిన వెంటనే అన్నం పెట్టేస్తే నాకుడు మర్చిపోతది, ఈ ఉపాయం మా అమ్మది. జిడ్డుకాళ్లతోని గ్రానైట్ మీద ఉరికితే జారి పడ్తది, ముసలి కుక్కలకు ఇది మరీ డేంజర్, అందుకే పడుకునే టైమ్ అంటున్న. మన మడమల పగుళ్లకు వాడే క్రీములు వద్దు. జింక్ ఆక్సైడ్ ఉన్న ఆయింట్‌మెంట్లు, సాలిసిలిక్ యాసిడ్ ఉన్నవి, మోకాళ్ల నొప్పికి రాసుకునే జెల్‌లు, టీ ట్రీ ఆయిల్, వీటిల్లో ఏది రాసినా అది నాకుతది, నాకితే విషమే. మన కాలికి రాసింది మన కాలి మీదనే ఉంటది, దాని కాలికి రాసింది దాని కడుపులోకి పోతది, దుకాణంలో ఏం కొనేటప్పుడైనా ఈ ఒక్కటి యాదిలో పెట్టుకోండి.

ఇగ కోసుకుపోయిన ప్యాడ్. ఇది కొంచెం వివరంగ చెప్తా, ఎందుకంటే మేం పడ్డం.

ఆ ఖాళీ ప్లాటు మలుపు దగ్గర నుంచి వచ్చింది బ్రౌనీ, కుంటుడు లేదు ఏం లేదు, కానీ వరండాలో బండల మీద పూలు పూలుగ ఎర్రటి అడుగులు పడ్డయి. డాడీ దాన్ని వొళ్లో అడ్డంగ పండవెట్టుకుని కూర్చున్నడు, నేను ఫోన్ టార్చ్ వేసి చూసిన. ఎడమ వెనక కాలు పెద్ద ప్యాడ్‌కు అడ్డంగ కోత. "గట్టిగ పట్టుకో డాడీ, మూతి నా దిక్కు రానియ్యకు" అంటే "పట్టుకున్న బిడ్డా, నువ్వు కానియ్యి, అదేమనదు" అన్నడు, అయినా సరే చున్నీతో మూతికి ఒక చుట్టు వేసిన, ఎంత మంచి కుక్కయినా నొప్పికి కరుస్తది, అది దాని తప్పు కాదు. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ బాటిల్‌కు సూదితోని చిన్న బొక్క పెట్టి ధార పడేటట్టు పిండితే రక్తం, మట్టి కొట్టుకపోయి, లోపల ఆవగింజంత గాజు పెచ్చు టార్చ్ వెలుతురుకు తళుక్కుమన్నది. పైనే ఉంది కాబట్టి ప్లక్కర్‌తోని వచ్చింది. లోపలికి దిగి ఉంటే ముట్టుకునేటోళ్లమే కాదు, లోతుగ గుచ్చుకున్నదాన్ని మనం పీకితే రక్తం ఆగదు, సగం విరిగి లోపలనే ఉండిపోతది.

సెలైన్ లేకపోతే కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో ఒక టీ స్పూన్ ఉప్పు చాలు. కడిగినంక శుభ్రమైన బట్ట మడత పెట్టి గట్టిగ నొక్కి పట్టాలె, మధ్య మధ్యల తీసి చూడొద్దు, తీస్తే గడ్డకట్టేది మళ్ల మొదటికొస్తది. పది పదిహేను నిమిషాలు నొక్కినా ఆగకపోతే, లేదా కోత తెరుచుకుని ప్యాడ్ రెండు పెదాల్లాగ విడిపోతే, ఆ బట్టతోనే చుట్టి ఆటో ఎక్కాలె. ఆగితే బెటాడిన్ నీళ్లలో కలిపి, పలచటి టీ రంగు వచ్చేదాకా కలిపి, దానితోని తుడవాలె. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, డెట్టాల్ నేరుగ పొయ్యొద్దు, నురగ వస్తుంటే క్రిములు చస్తున్నయి అనుకుంటరు, కొత్తగ పుట్టే చర్మం కూడా చస్తది.

బ్రౌనీని చూసిన డాక్టర్ సార్ చెప్పింది ఏంటంటే ప్యాడ్‌కు కుట్లు నిలబడుడు కష్టం, అడుగు వేసిన ప్రతిసారి బరువు పడి ప్యాడ్ విచ్చుకుంటది, కుట్లు తెగుతయి, అందుకే లోతైన కోతకు మాత్రమే వేసి పైన మందంగ కట్టు కడ్తరు. మానుడు కూడా లేట్, వారాలు పడ్తది, ఒంటి మీద దెబ్బలాగ నాలుగు రోజుల్లో మానదు. ఇంకా చానామంది అడిగే ప్రశ్న నేను కూడా అడిగిన, ఇనుపదో గాజుదో గుచ్చుకుంటే టీటీ వేయించాల్నా అని. మామూలుగ అక్కర లేదట, కుక్కలు ధనుర్వాతాన్ని మనకంటే చాలా తట్టుకుంటయి, వాటికి రొటీన్‌గ ఆ టీకా ఇయ్యరు.

కట్టు కట్టుడు నేర్చుకుంటే సగం పని అయినట్టే. వేళ్ల సందుల్లో కొంచెం కొంచెం దూది పెట్టాలె, చెమటకు ఒరుసుకోకుండ. ప్యాడ్ మీద పుండుకు అంటుకోని గాజ్ (కట్టు కట్టే పలచటి జాలీ గుడ్డ), దాని మీద దూది చుట్టు, పైన క్రేప్ బ్యాండేజ్. పాదం కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలె, పైన మడమ దాకా పోతేనే జారదు. మధ్య రెండు వేళ్ల కొసలు బయటికి కనపడేటట్టు వదలాలె, ఇది చానా ముఖ్యం, ఎందుకంటే కట్టు బిగుసుకుందా లేదా చెప్పేది ఆ రెండు వేళ్లే. అవి ఉబ్బినా, గోర్లు ఒకదానికొకటి దూరం జరిగినట్టు కనపడినా, చల్లగ తగిలినా అప్పుడే విప్పాలె, రాత్రి రెండయినా సరే. బిగుతు కట్టు వల్ల వేళ్లు పోయిన కుక్కలు ఉన్నయి. తడిస్తే మార్చాలె, వాసనొస్తే మార్చాలె, ఏం కాకపోయినా మొదట్లో రోజుకొకసారి మార్చాలె.

బయటికి తీస్కపోయేటప్పుడు తడవకుండ ఏం తొడగాలె అంటే మేం చూపించే క్లినిక్‌లో అయిపోయిన సెలైన్ బ్యాగ్ ఒకటి ఇచ్చిన్రు, పై కొస కత్తిరించి అందులో కాలు దూర్చి పైన మెత్తటి టేపుతో వదులుగ అంటించాలె. పాల ప్యాకెట్ కవర్ కంటే ఎంతో నయం, మందం ఉంటది, చిరగదు. కానీ ఇంటికి రాంగనే తీసేయాలె, లోపల చెమట పట్టి కట్టు నానితే మళ్ల కొత్త తంటా. నాకకుండ మెడకు కోన్, అంటే గరాటు లాంటి పట్టీ, తప్పదు. నాకితే తొందరగా మానుతది, కుక్క ఉమ్మిలో మందు ఉంటది అని మా పెద్దమ్మ అంటది, ఆమె ప్రేమతోనే అంటది గానీ ఆ నాకుడుతోనే పుండు తడిగ ఉండి చీము పడ్తది. కోన్ పెడితే గోడలకు గుద్దుకుంట రెండ్రోజులు అలుగుతది, తర్వాత అలవాటైతది, అలిగిందని తీయొద్దు.

నొప్పి ఉంటే జాలేసి మన గోళీ సగం చేసి వేస్తరు చూడండి, అది మాత్రం చెయ్యొద్దు దండం పెడ్తా. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తయి, కిడ్నీలు పాడు చేస్తయి, పారాసిటమాల్ డోసు కొంచెం అటు ఇటు అయితే లివర్ పోతది. కుక్కలకు వేరే నొప్పి మందులు ఉన్నయి, బరువు చూసి డాక్టరే రాస్తడు.

దెబ్బ లేదు, ఎండ లేదు, అయినా నాలుగు కాళ్ల ప్యాడ్స్ ఒకేసారి గట్టిపడి పగిలినయంటే అది రోడ్డు వల్ల కాదు. అక్కడ బామ్ రాసుకుంట కూర్చుంటే టైమ్ పోతది. టీకాలు వెయ్యని కుక్కపిల్లకు జ్వరం, ముక్కు కళ్లు కారుడుతో పాటు ప్యాడ్స్ గట్టిపడితే డిస్టెంపర్ అనే వైరస్ రోగం అయి ఉండొచ్చు, పాతకాలం డాక్టర్లు దాన్ని హార్డ్ ప్యాడ్ రోగం అనే పిలిచేటోళ్లు. హస్కీలకు జింక్ తక్కువై వస్తది, ముసలి కుక్కలకు లివర్ రోగంలో వస్తది, ఒంట్లో రోగనిరోధకశక్తి తిరగబడి ప్యాడ్స్ మీద పెచ్చులు కట్టేవి కూడా ఉన్నయి. ఒక్క కాలే, ఒక్క వేలి సందే పొద్దస్తమానం నాకుతుంటే అక్కడ పిడుదు ఉందేమో, పల్లేరు కాయ ముల్లు ఇరుక్కుందేమో వేళ్లు విడదీసి చూడండి. వానాకాలం సందుల్లో ఎరుపు, పులిసిన వాసన, తెల్ల వెంట్రుకలు ఇటుక రంగుకు తిరిగినయంటే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) ఇన్‌ఫెక్షన్ కావొచ్చు, అలర్జీ కూడా దాని వెనక ఉండొచ్చు. బురదలో తిరిగొచ్చినంక కడుగుడు అందరూ చేస్తరు, ఆరబెట్టుడు మర్చిపోతరు, అసలు పని ఆరబెట్టుడే.

సిటీ పండగలకు కూడా ఒక లెక్క ఉంది. దీపావళి తెల్లారి రోడ్డంతా కాకరపువ్వొత్తుల తీగలు, ఆ రాత్రే తొక్కితే కాలుతయి, తెల్లారితే గుచ్చుకుంటయి. పిల్లలకు ముందే ఒక బకెట్ నీళ్లు చూపించి కాలిన తీగలు అందులో వెయ్యమంటే వింటరు, మా గల్లీలో విన్నరు. సంక్రాంతికి మాంజా, గాజు పొడి పూసిన దారం చెట్ల నుంచి, కరెంటు తీగల నుంచి కిందికి వేలాడి రోడ్ల మీద ఉండలు ఉండలుగ పడి ఉంటది, వేళ్ల సందుల్లో చుట్టుకుని కుక్క గుంజుకున్న కొద్దీ కోస్తది. చుట్టుకుంటే లాగొద్దు, కత్తెరతో తెంపాలె. ఆ నాలుగు రోజులు నేను వాకింగ్‌కు పోయేటప్పుడు జేబులో చిన్న కత్తెర ఉంచుకుంట.

బూట్లు కొంటరా అంటే కొనొచ్చు, కట్టు ఉన్నప్పుడు, తప్పని ఎండలో, పనికొస్తయి. కొలత తీసేటప్పుడు కుక్కను కాగితం మీద నిలబెట్టి, కొలిచే కాలి పక్క కాలు ఎత్తి పట్టుకోండి, బరువు పడ్డప్పుడు పాదం వెడల్పు అవుతది, ఆ వెడల్పే సైజు. ముందు కాళ్లు, వెనక కాళ్లు ఒకే సైజ్ ఉండవు చానా కుక్కలకు. మొదట ఇంట్లో కొంచెంసేపు తొడిగి తీసేయండి, గాల్లో కాళ్లెత్తి నడుస్తది, నవ్వొస్తది గానీ భయపెట్టొద్దు. తీసినంక ఒరుసుకున్న గుర్తులు ఉన్నయా చూడండి. ప్యాడ్స్ మధ్యల పెరిగిన వెంట్రుకలు ప్యాడ్ మట్టానికి కత్తిరిస్తే, గోర్లు నేలకు టకటక తగలకుండ ఉంచితే, బూట్లు లేకుండనే గ్రానైట్ మీద జారుడు చానా తగ్గుతది.

గల్లీ కుక్కలకు కట్టు నిలబడదు, రెండు గంటల్లో పీకేస్తయి. వాటికి దెబ్బ కనపడితే సెలైన్‌తో కడిగి, కుక్కల పుండ్లకు వాడే స్ప్రే కొట్టి, రోజూ అన్నం పెట్టే టైమ్‌కు చూస్తుండాలె. వానాకాలం పుండులో పురుగులు పడితే కిరోసిన్, ఫినాయిల్ పోసేటోళ్లు ఇంకా ఉన్నరు, అది ఆ ప్రాణిని చిత్రహింస పెట్టుడే, దయచేసి ఆపండి. నారాయణగూడలో ప్రభుత్వ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ క్యాంపస్‌లో కూడా చూస్తరు, ప్రైవేట్ ఖర్చు భరించలేనోళ్లు అక్కడికి తీస్కపోవచ్చు, పొద్దున తొందరగ పోతే మంచిది. పోయే ముందు కాలి ఫొటో దగ్గర్నుంచి ఒకటి, కుంటుకుంట నడిచే వీడియో ఒకటి తీసుకోండి, అక్కడికి పోయినంక భయానికి అవి కుంటుడు కూడా ఆపేస్తయి, డాక్టర్‌కు ఏం కనపడదు.